వద్దనే హక్కు గురించి

సభకు నమస్కారం. వేదికపై ఉన్న ఆచార్యులకు, ముఖ్యంగా ఈ నెలలో తొలిసారి క్షేత్ర పర్యటనకు బయలుదేరబోతున్న పరిశోధక విద్యార్థులకు నా శుభాకాంక్షలు.

నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, ఈ విశాఖ నగరంలోనే, ఫిషింగ్ హార్బరుకు దగ్గరలో ఉన్న ఒక మత్స్యకారుల కాలనీలో పోషకాహార సర్వే చేశాను. ఎండబెట్టిన చేపలను తిరగవేస్తున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని, పరిశోధనలో పాల్గొనడానికి ఇష్టమేనని తెలిపే సమ్మతి పత్రాన్ని గబగబా చదివేసి, ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాను. ఆవిడ చేయి తుడుచుకుంటూ, "ఏటి బాబూ, ఏలిముద్ర ఎయ్యకపోతే మా కార్డు తీసెత్తారేటి?" అని అడిగింది. రేషన్ కార్డుకూ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు, అయినా వేలిముద్ర వేసింది. నేను తీసుకున్నాను. నా సిద్ధాంత గ్రంథం తాలూకు దస్త్రాల్లో ఆ కాగితం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, కాని దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు. వద్దంటే ఏమీ పోదన్న ధీమా ఆవిడకు కలిగేదాకా నేను ఆగవలసింది.

రెండో ప్రపంచ యుద్ధకాలపు ఘోరాల తరువాత, మనుషులపై చేసే ప్రయోగాలకు హద్దులు గీస్తూ 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళి మొదలయ్యేదే స్వచ్ఛంద సమ్మతితో. అదే దారిలో వచ్చిన 1964 నాటి హెల్సింకీ ప్రకటన, 1979 నాటి బెల్మాంట్ నివేదిక మీ పాఠ్యాంశాల్లో ఉన్నవే కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు ఉన్న వైద్యాన్ని అందనీయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్న ఉదంతం కూడా మీరు చదివే ఉంటారు. చదివినప్పుడు అదంతా ఎక్కడో దూరదేశంలో జరిగిన సంగతిగా అనిపిస్తుంది. అందుకే మన దగ్గర జరిగినదాన్ని గుర్తుచేస్తున్నాను.

2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక పరిశోధన కార్యక్రమం కింద వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఆ కాలంలో కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదని విచారణ సంఘం చెప్పింది. ఆ మాట స్పష్టంగా చెప్పడం కూడా నైతికతలో భాగమే, ఎందుకంటే ఆవేశంలో మనం టీకా మీదే అపనమ్మకం పెంచకూడదు. తప్పు జరిగింది సమ్మతి దగ్గర. మన రాష్ట్రానికి సంబంధించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. వార్డెన్లు మంచివారే అయి ఉండవచ్చు. కాని తిండీ పడకా ఎవరి చేతిలో ఉన్నాయో వారే సంతకం పెట్టేసినప్పుడు, ఆ పిల్ల "నాకు వద్దు" అని ఎవరితో చెప్పుకుంటుంది? కొండ అవతలి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కబురు పంపడం కష్టమే, కాని ఆ కష్టం పడవలసింది మనం.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలు ఈ విషయాల్లో స్పష్టంగా ఉన్నాయి. మైనరు విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్ని కూడా అడగాలి. చదువురాని వ్యక్తి వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. పరిశోధనలను ముందే పరిశీలించి అనుమతించే నైతికతా సంఘం అధ్యక్షులు బయటి సంస్థ నుంచి రావాలి, సభ్యుల్లో ఒక సామాన్య పౌరుడు ఉండాలి. ఈ సామాన్య సభ్యుడు అడిగే "ఈ మాటకు అర్థమేమిటండీ?" అన్న ప్రశ్నకే నా దృష్టిలో విలువ ఎక్కువ.

మీలో కొందరు పాడేరు, అరకు వైపు వెళ్తున్నారు. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే మనిషికి గ్రాంథికపు తెలుగు పత్రం చదివి వినిపిస్తే చట్టం తృప్తిపడవచ్చునేమో గాని మీరు తృప్తిపడకండి. ఊరిపెద్ద సరే అన్నంత మాత్రాన ఊళ్లోని ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నట్టు కాదు. పేరు మార్చినంత మాత్రాన గోప్యత నిలిచినట్టూ కాదు. నలభై గడపల గూడెంలో "భర్త పోయిన అంగన్‌వాడీ ఆయా" అని రాస్తే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. 2020 మే 7న ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విషపు ఆవిరి ఎగజిమ్మిన ఉదయాన్ని ఈ నగరం మరిచిపోలేదు. అటువంటి రోజుల్లో పరిహారం జాబితా రాసే మనిషీ, ప్రశ్నావళి పట్టుకొచ్చిన మనిషీ బాధితుడి కంటికి ఒకేలా కనిపిస్తారు. తేడా చెప్పవలసిన బాధ్యత మనదే, అదీ మొదటి ప్రశ్నకు ముందే.

ఇక నిజాయితీ సంగతి. లాడ్జి గదిలో కూర్చుని ప్రశ్నావళులు నింపేసే అలవాటు కొత్తది కాదు. గణాంకాలు చెడిపోతాయన్నది ఒక నష్టం. అంతకంటే నన్ను బాధించేది, ఎవరి పేరు మీద ఆ జవాబు రాశామో వారిని మనం ఏమీ అడగకుండానే వారి నోట మాట పెట్టడం.

మూడు వందల ఇళ్లు తిరిగి, ఒక్కరూ వద్దనలేదని రాసిన నివేదిక నా ముందుకు వస్తే ఇప్పుడు నాకు అనుమానం కలుగుతుంది. వద్దన్నవారి సంఖ్యను మీ క్షేత్ర డైరీలో ఏ రోజుకారోజు రాయండి. పర్యవేక్షకులు ఆ పేజీని ముందు చూడాలని కోరుతున్నాను. మధ్యాహ్నం తరగతిలో మీ సమ్మతి పత్రాలను పక్కవారికి పైకి చదివి వినిపించండి. వినేవారికి ఎక్కడ అడ్డుపడితే అక్కడ ఆగి, ఆ వాక్యాన్ని వారి మాటల్లోనే తిరగరాయండి.