ముందు చక్రం దగ్గర టకటక: లింక్ రాడ్ ఇంట్లోనే మార్చుకుందాం

[కెమెరా కారు లోపల ఉంది. గుంతల గల్లీలో బండి నెమ్మదిగా వెళ్తోంది. మాటలు లేవు. ఎడమవైపు కింద నుంచి టకటక వినిపిస్తోంది.]

విన్నారా? ఇప్పుడు ఇదే బండిని స్పీడ్ బ్రేకర్ మీద నిదానంగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా పోనిస్తాను. చూడండి... చప్పుడు దాదాపు లేదు.

నమస్తే అండి. ఇది మా ఇంటి స్విఫ్ట్. ఈ రెండు చప్పుళ్లకీ ఉన్న తేడాని గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి రిపేరంతా దాని మీదే ఆధారపడి ఉంది.

రెండేళ్ల కిందట కుడివైపు ఇలాగే టకటకమంటే ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు, రెండూ మార్పించాను. డబ్బు కట్టి బయటికొచ్చి వీధి మలుపు తిరిగానో లేదో, మళ్లీ అదే చప్పుడు. ఆ రోజు చాలా బాధేసింది. తీరా చూస్తే పోయింది లింక్ రాడ్. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. చప్పుడు ఎక్కడిదో తేలకుండా ఒక్క నట్టు కూడా విప్పకండి, ఒక్క స్పేర్ పార్టు కూడా కొనకండి.

[తెర మీద బొమ్మ: ముందు చక్రం వెనక భాగాలు]

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940ల్లో రూపొందించిన పద్ధతి ఇది. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి నిలువుగా ఒకే కాలులా ఉంటాయి. కింద లోయర్ ఆర్మ్ ఉంటుంది. ఆ ఆర్మ్ చివర బాల్ జాయింట్, అంటే అన్ని వైపులా తిరిగే గుండ్రటి కీలు. బాడీ వైపు కుదుపు మింగే రబ్బరు బుష్‌లు. విడిభాగాలు తక్కువ కాబట్టే ఇంట్లో మనం చేయి పెట్టగలుగుతున్నాం.

ఇక ఈ అడ్డ కమ్మీని చూడండి. ఇది స్టెబిలైజర్ బార్. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపుతుంది. దీని రెండు చివరలనీ స్ట్రట్‌లకి కలిపే జానెడు కడ్డీలే లింక్ రాడ్లు. రెండు చక్రాలూ సమానంగా లేస్తే బార్ మెలి తిరగదు, లింక్ మీద పెద్దగా బరువు పడదు. ఒక చక్రం గుంతలో దిగి, రెండోది పైన ఉంటేనే బార్ మెలి తిరిగి లింక్‌ని లాగుతుంది. లింక్ చివర కీలులోని బాల్ అరిగి ఉంటే అప్పుడు టక్‌మంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద నిశ్శబ్దం, గుంతల్లో గోల అందుకే.

అయినా ఇంతటితో తేల్చేయకూడదు.

[బండి సిమెంటు నేల మీద ఆగి ఉంది. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి ఉంది.]

మా తమ్ముడు బానెట్ అంచు పట్టుకుని బండిని కిందికి నొక్కుతూ వదులుతున్నాడు. నేను చక్రం వెనక నుంచి చేయి పెట్టి లింక్ రాడ్ కీలు మీద రెండు వేళ్లు ఆనించాను. వేళ్లకి టిక్కు టిక్కుమని తగులుతోంది. చెవి మోసపోవచ్చు కానీ, వేళ్లకి తెలిసిపోతుంది.

ఇప్పుడు జాకీ. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి. బండితో వచ్చే జాకీ పంక్చరైన టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టిన బండి కిందికి మనిషన్నవాడు వెళ్లకూడదు. తలే కాదు, చేయి కూడా పెట్టకూడదు. వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. జాకీతో లేపి, మాన్యువల్లో చూపించిన చోట స్టాండ్, అంటే బండి బరువు మోసే ఇనుప కాలు, పెట్టి, బరువంతా స్టాండ్ మీదకి దించండి. బండిని చేత్తో ఊపి చూడండి, కదలకూడదు. ఇటుకలు పేర్చి పని కానిచ్చేవాళ్లను చూశాను. ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే ఈ పని మొదలుపెట్టవద్దని బతిమాలుకుంటున్నాను.

రెండు ముందు చక్రాలూ లేపాను, రెండు పక్కలా స్టాండ్లు ఉన్నాయి. ఒక పక్కే లేపితే బార్ మెలి తిరిగి ఉంటుంది, లింక్ ఊడి రాదు, కొత్తది రంధ్రంలో కూర్చోదు.

చక్రాన్ని గడియారం అనుకోండి. 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపుతున్నాను. ఏమాత్రం ఆట, అంటే వదులు, ఉన్నా...

"ఒరేయ్, బ్రేక్ తొక్కి పట్టుకో."

"పట్టుకున్నా అన్నయ్యా."

బ్రేక్ తొక్కితే ఆట పోయిందంటే వీల్ బేరింగ్ మీద అనుమానం. బ్రేక్ తొక్కినా ఉంటే బాల్ జాయింట్. 9, 3 దగ్గర పట్టుకుంటే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీ చివరి కీలు, చూడాలి. బాల్ జాయింట్ వదులుగా ఉందని తేలితే ఆ బండిని రోడ్డెక్కించకండి. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది. మా బండికి ఇవన్నీ గట్టిగానే ఉన్నాయి.

[చక్రం తీసేశారు. లింక్ రాడ్ దగ్గరగా.]

నట్టు, బోల్టు మర చుట్ల నిండా మట్టి, తుప్పు. ముందు ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, టీ తాగి రండి. తొందరపడితే నట్టు మూలలు అరిగిపోతాయి.

పానా వేసి తిప్పుతుంటే నట్టుతో పాటు లోపలి బాల్ కూడా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. బోల్టు కొనలో చిన్న ఆరు పలకల రంధ్రం ఉంది, చూడండి. అందులో మట్టి గీకేసి, అలెన్ కీ పెట్టి కదలకుండా పట్టుకుని, రింగు పానాతో నట్టు విప్పాలి. కొన్ని లింకులకి రంధ్రం బదులు, బాల్‌ని కప్పే రబ్బరు బూటు వెనక పలకలుంటాయి, అక్కడ ఇంకో పానా వేయాలి. అప్పటికీ రాకపోతే హాక్సా బ్లేడుతో నట్టు కోసేయండి. లింక్ ఎలాగూ పారేసేదే.

[పాతది ఒక చేతిలో, కొత్తది ఒక చేతిలో]

పాతదాని బాల్ తనంతట తనే వాలిపోతోంది. కొత్తది బలం పెడితే కానీ కదలట్లేదు. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, ఇసుక చేరింది. రెండింటి పొడవు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. రెండేళ్ల కిందట నేను కుడిది ఒక్కటే మార్చాను, ఇప్పుడు ఎడమది ఇలా వచ్చింది. జతగా మార్చుకోవడమే మంచిది.

బిగించేటప్పుడు పాత నట్లు వాడొద్దు, కొత్తవే వేయండి. రెండు చివరలా ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పాక పానా పట్టండి. బిగువు మీ బండి మాన్యువల్ ప్రకారం టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగిసిందో కొలిచే పానాతో, చూడండి. అతిగా బిగిస్తే మర తెగుతుంది.

మీకు పోయింది లోయర్ ఆర్మ్ బుష్ అయితే ఒక్క మాట. బుష్ బోల్టులని చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. గాలిలో ఉండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది. ఆర్మ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. వట్టి లింక్ రాడ్‌కి అక్కర్లేదు.

స్ట్రట్ పైన మధ్యలో ఉన్న నట్టు మాత్రం ఇంట్లో విప్పవద్దు. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. వదులైతే ప్రాణం తీసేంత బలంతో ఎగురుతుంది. స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసరు, దాన్ని వాడే అనుభవం ఉన్న షెడ్డుకే ఆ పని వదిలేయండి.

[అదే గుంతల గల్లీ. కిటికీలు మూసి ఉన్నాయి. బండి అదే స్పీడులో వెళ్తోంది.]

వినండి.

[పది సెకన్లు మాటలు లేవు. టైర్ల కింద కంకర చప్పుడు మాత్రమే.]

రేపో ఎల్లుండో, ఓ 100 కిలోమీటర్లు తిరిగాక, వీల్ నట్లూ లింక్ నట్లూ మరోసారి టార్క్ రెంచ్‌తో చూస్తాను. మీరూ చూసుకోండి.