ఒకే చందా, వేర్వేరు గడియారాలు

హోస్ట్: నమస్కారం. నెలనెలా చందా కట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లలో తీరిక దొరికినప్పుడు ఆడే క్యాజువల్, పట్టుబట్టి ఆడే హార్డ్‌కోర్ ఆటగాళ్ల మధ్య తగవు చాలా పాతది. మీరు ఏళ్ల తరబడి రెయిడ్ గిల్డ్‌లో, అంటే పెద్ద శత్రువులపై కలిసి దాడికి (రెయిడ్‌కు) వెళ్లే ఆటగాళ్ల బృందంలో, తోటివారి గాయాలు మాన్పే హీలర్‌గా ఆడారు, ఇప్పుడేమో వారానికి ఒక రాత్రి కూర్చోవడమే కష్టమంటున్నారు. రెండు వైపులా చూసినవారు గనుక అడుగుతున్నాను, ఈ ఇద్దరి మధ్య గీత ఎక్కడ గీయాలంటారు?

అతిథి: చాలామంది గంటలు లెక్కపెట్టి గీస్తారు, నాకది సరికాదనిపిస్తుంది. వారానికి 20 గంటలు ఆడుతూ కూడా క్యాజువల్‌గానే మిగిలిపోయేవారున్నారు, ఎందుకంటే వారికి ఆ సమయం అరగంట, ముప్పావుగంట ముక్కలుగానే దొరుకుతుంది. రాత్రి 9 గంటలకు కూర్చుంటే 12 దాకా లేవనని మరో 39 మందికి మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోగలిగినవారే నా లెక్కలో హార్డ్‌కోర్.

హోస్ట్: ఆ 39 ఎక్కడిదో ఆడినవారికి తెలుసనుకుంటాను.

అతిథి: అవునండీ. 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మోల్టెన్ కోర్ రెయిడ్‌ను 40 మంది కోసం తయారుచేశారు. ఒక రాత్రి అక్కడ చివరి బాస్, అంటే ఆఖరి పెద్ద శత్రువు, రాగ్నరోస్ ముందు నిలబడి ఉండగా మా పసిబిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టింది. హెడ్‌సెట్ తీసి వెళ్లి, పావుగంటకు తిరిగి వచ్చేసరికి అందరి పాత్రలూ ఆ నిప్పుల గుహలో కింద కూర్చుని ఉన్నాయి, చాట్‌లో ఒక్క అక్షరం కూడా లేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ నెలాఖరుకు నన్ను రెయిడ్ రాత్రుల నుంచి తప్పించమని నేనే అడిగాను.

హోస్ట్: చందా మాత్రం ఇద్దరికీ ఒకటే కదా?

అతిథి: చిక్కంతా అక్కడే ఉంది. చందా గంటలను బట్టి మారదు కాబట్టి, తక్కువ ఆడేవారు సర్వర్‌పై తక్కువ భారం వేస్తూ అంతే సొమ్ము కడతారు. హార్డ్‌కోర్ ఆటగాళ్లేమో నెలల తరబడి తయారుచేసిన రెయిడ్‌ను కొన్ని వారాలలో ముగించి, తరువాత ఏమిటని అడుగుతారు. వార్‌క్రాఫ్ట్‌లోనే 2006 జూన్‌లో తెరిచిన నాక్స్‌రామస్ రెయిడ్‌ను చాలా కొద్ది గిల్డ్‌లే పూర్తిచేయగలిగాయి, దాని ఖర్చు మాత్రం అందరి చందాలోనూ ఉంది. 2007లో వచ్చిన మొదటి ఎక్స్‌పాన్షన్‌లో, అంటే ఆటకు చేర్చిన అదనపు భాగంలో, కొత్త రెయిడ్‌లను 25 మందికి, 10 మందికి కుదించారు. 2011 నవంబరులో ఆటగాళ్లను తానే జతచేసే రెయిడ్ ఫైండర్ తెచ్చి, గిల్డ్ లేనివారు కూడా అపరిచితులతో కలిసి చివరి బాస్‌ను చూసే వీలు కల్పించారు.

హోస్ట్: తమ కష్టానికి విలువ పోయిందని హార్డ్‌కోర్ వర్గం గొడవ చేసింది. అది అసూయేనా?

అతిథి: పూర్తిగా అసూయ అనలేను. ఒకప్పుడు రెయిడ్‌లో గెలుచుకున్న కవచం తొడుక్కుని నగర కూడలిలో నిలబడితే కొత్తవారు ఆగి చూసేవారు, ఆ చూపు కూడా ఆటలో భాగమే. అయితే గేమ్ కంపెనీలకు హార్డ్‌కోర్ వారినే నమ్ముకుని బతకడం కూడా తేలిక కాదు. 2014 జూన్‌లో వైల్డ్‌స్టార్ అనే గేమ్ 40 మంది రెయిడ్‌లతో, హార్డ్‌కోర్ అన్న మాటనే గొప్పగా చాటుకుంటూ వచ్చింది. మరుసటి ఏడాదే తప్పనిసరి చందా ఎత్తేసింది, 2018లో మూతపడింది. కారణం ఇదొక్కటే అనను.

హోస్ట్: సమయం లేనివారికి బాగా కుదిరిన ఏర్పాటు ఏదైనా ఉందా?

అతిథి: వార్‌క్రాఫ్ట్‌లోని రెస్టెడ్ ఎక్స్‌పీరియన్స్ నాకు నచ్చుతుంది. విడుదలకు ముందు పరీక్షల్లో ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీరియన్స్, అంటే పాత్ర స్థాయిని పెంచే పాయింట్లు, తగ్గేలా పెడితే ఆటగాళ్లు మండిపడ్డారు. దానినే తిప్పి, విశ్రాంతి తీసుకున్నవారికి బోనస్ అన్నాక అందరూ మెచ్చుకున్నారు. 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్‌లోనైతే మనం లాగిన్ కాకపోయినా పాత్ర నైపుణ్యాలు నేర్చుకుంటూనే ఉంటుంది. కానీ నైపుణ్యాలు ఎన్ని ఉన్నా, యుద్ధానికి పిలుపు అర్ధరాత్రి వస్తే నాలాంటివాడు లేచి వెళ్లలేడు.

హోస్ట్: మరి ఇప్పటికీ చందా కడుతున్నారా?

అతిథి: కడుతున్నాను, పోయిన నెల ఆడింది నాలుగుసార్లే. మా గిల్డ్ హీలర్ల జాబితాలో నా పేరు ఇంకా తీసేయలేదు. పక్కన ‘వీలైతే’ అని రాసి ఉంచారు.