మా అమ్మమ్మ మంత్రసాని

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నేను మళ్ళీ చదవను. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, వాడుక భాష మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా, ఒప్పుకున్నాను.

ఇదిగో, నవ్వారు. సామెతకి నవ్వారో మాటకి నవ్వారో గానీ, నేను మాట్లాడేది ఆ నవ్వు గురించే. గిడుగు వారు ఏమీ అనుకోరు, జనం నోట్లో మాట కోసమే కదా ఆయన జీవితమంతా పోట్లాడింది.

సాని అంటే ఏంటి? చెప్పండి ఎవరైనా. చెప్పరు, నాకు తెలుసు. స్వామిని అన్నది అరిగి అరిగి సాని అయింది, అంటే యజమానురాలు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం ఉంది, 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. ఆ పేరు విని అప్పట్లో ఎవరూ కిసుక్కుమని ఉండరు. గుడి కొలువులో ఆడిపాడే ఆడవాళ్ళనీ సానులనే అన్నారు, తర్వాత కొలువులు పోయాయి, పోషించేవాళ్ళు పోయారు, వాళ్ళ బతుకు మీద ఊరు వేసిన నింద పోయి పోయి ఆ మాటకి అంటుకుంది. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆడపిల్లల్ని దేవుడికి అర్పించడం ఆపింది గానీ మాటకంటిన మరక అలాగే ఉంది. దొరసాని బతికిపోయింది, ముందు దొర కాపలా ఉన్నాడు. మంత్రసానికి ఎవరున్నారు?

కంపు కూడా అంతే లెండి, ఒకప్పుడు పరిమళమే, కన్నడం వాళ్ళకి ఇప్పటికీ పరిమళమే, మన దగ్గర ఎవరినైనా అని చూడండి. సరే, అది వదిలేద్దాం.

మా అమ్మమ్మ పురుళ్ళు పోసేది. ఏ అర్ధరాత్రి తలుపు కొట్టినా లాంతరు పట్టుకుని, కొత్త బ్లేడూ దారం ఉండా కొంగున ముడేసుకుని వెళ్ళేది. తిరిగొచ్చి తలకి పోసుకునే దాకా మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. రోజూ వెళ్ళి బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వాళ్ళిచ్చిన చేటెడు బియ్యం తెచ్చుకునేది.

ఎనిమిదో తరగతిలో మాస్టారు మీ ఇళ్ళల్లో ఎవరేం పని చేస్తారని అడిగితే చెప్పాను. వెనక బెంచీ గొల్లుమంది. మాస్టారు బోర్డు వైపు తిరిగారు, ఏదో రాయడానికి అనుకున్నా, ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇక్కడ టీచర్లు చాలామంది ఉన్నారు, మీకు దండం పెడతా, ఆ మాట వచ్చినప్పుడు బోర్డు వైపు తిరగకండి.

ఆ రోజు నుంచి అమ్మమ్మ నర్సు అయింది. కాలేజీలో నర్సే, నా పెళ్ళిచూపుల్లోనూ నర్సే, ఆవిడ పోయాక వేయించిన ఫ్లెక్సీ మీద కూడా నేనే నర్సు అని రాయించాను. పెద్దకర్మ రోజు భోజనాలకి ఒకావిడ వచ్చింది, ఆవిడ ముగ్గురు పిల్లలూ అమ్మమ్మ చేతుల్లోనే పుట్టారు. ఫ్లెక్సీ ముందు నిలబడి మనవడి చేత చదివించుకుని నన్ను పిలిచింది.

"ఫొటో మన మంత్రసానమ్మది పెట్టి, కింద ఎవరో నర్సని రాశారేంది నాయనా?"