"అన్నీ ఆర్‌లే ఉండాయేందమ్మా?"

[తెర మీద: గ్రీమ్స్ రోడ్డు పక్క సందు, పొద్దున ఆరున్నర. టీ కొట్టు చుట్టూ జనం.]

చెన్నైలో తెలుగు వినాలంటే ఏ సభకో పోనక్కర్లేదు. పొద్దున్నే ఇక్కడికొచ్చి ఏదో ఒక టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు. నెల్లూరు యాస, చిత్తూరు యాస, ఒంగోలు యాస అన్నీ వినిపిస్తాయి. చేతిలో ఫ్లాస్కు, చంకలో ఫైలు. అందరూ పేషెంట్ల తాలూకు వాళ్ళే.

ఆమధ్య ఒకరోజు నేను తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే విని, నెల్లూరు జిల్లా పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చారు. తన ఫోన్ నా ముందు పెట్టారు.

"అమ్మా, ఇది కొంచెం చూడు. అన్నీ ఆర్‌లే ఉండాయి. ఏందమ్మా దీనర్థం?"

[తెర మీద: నమూనా కల్చర్ రిపోర్టు. పేర్లు కనిపించవు.]

అది కల్చర్ రిపోర్టు. ఒంట్లో దొరికిన బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో రాసిన కాగితం. ఆయన భార్యకు కడుపు ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగిందట. ఐసీయూలో ఐదో రోజు జ్వరం పట్టుకుంది. రిపోర్టులో ఎడమ పక్క మందుల పేర్లు, కుడి పక్క వరసగా ఆర్, ఆర్, ఆర్. అడుగున ఒక్కచోట తప్ప.

"మా ఆమె ఒళ్ళు మందులకు అలవాటు పడిపోయిందంట గదా" అన్నారాయన.

ఈ వీడియో ఆ ఒక్క మాట కోసమే.

నేను ఈ ఊళ్ళోనే ఒక ఆసుపత్రి ల్యాబులో తొమ్మిదేళ్ళు ఇలాంటి రిపోర్టులే తయారు చేశాను. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగనిది. ఆ అక్షరం మీ ఇంట్లో మనిషి గురించి చెప్పేది కాదు. ఆ మనిషి ఒంట్లో దొరికిన బ్యాక్టీరియా గురించి. జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ మాత్ర మింగని మనిషికి కూడా, ఐసీయూలో పడుకుంటే, వరసగా ఆర్‌లు పడే బ్యాక్టీరియా అంటుకోవచ్చు.

ఇదే ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "దోమపోటు మాదిరా?" అన్నారు.

వరి పండించే మనిషి. వరికి పట్టే సుడిదోమ అనే పురుగుకు ఒకే మందు కొట్టిందే కొడుతుంటే, నాలుగైదేళ్ళకు ఆ మందుకు దోమ చావదు. చచ్చేది చస్తుంది, చావనిది మిగిలి పిల్లల్ని పెడుతుంది. అప్పుడు పొలం మందుకు అలవాటు పడిందని ఏ రైతూ అనడు. నేను తొమ్మిదేళ్ళలో ఇంత మంచి పోలిక చెప్పలేకపోయాను!

ఐసీయూ అంటే ఏడాది పొడుగునా మందు కొడుతూనే ఉండే మడి. ఎక్కువ మందికి ఏదో ఒక యాంటీబయాటిక్ ఎక్కుతూనే ఉంటుంది. మామూలు బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. పైగా అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగల జీవాలు ఇవి. దోమకు ఏళ్ళు పట్టింది వీటికి రోజుల్లో అయిపోతుంది.

[తెర మీద: గుండ్రటి ప్లేటు, దాని మీద ఆరు తెల్లటి బిళ్ళలు.]

ఇప్పుడు ఆ ఆర్ ఎలా పుడుతుందో చూద్దాం. రక్తమో, మూత్రమో, గొంతు గొట్టంలోంచి తీసిన కఫమో ల్యాబుకి వస్తుంది. అందులో ఉన్నదానికి తిండి పెట్టి, వెచ్చగా ఉంచి పెంచుతాం. మొలిచినదాన్ని ఇంకో ప్లేటు మీద నారుమడిలా పలచగా పరిచి, మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ళల్ని ముగ్గు చుక్కల్లా దూరం దూరంగా పెడతాం. రాత్రంతా వదిలేస్తాం.

మర్నాడు పొద్దున ప్లేటు తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే, మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి కొలుస్తాం. చాలినంత ఉంటే ఎస్, అంటే మందుకు లొంగుతుంది. లేకపోతే ఆర్. పెద్ద ల్యాబుల్లో ఇప్పుడు ఈ పని మిషన్లు చేస్తున్నాయి, కానీ ప్లేటు చూస్తే అర్థమైనట్టు మిషన్ కాగితం చూస్తే అర్థం కాదు. మొండి బ్యాక్టీరియా ప్లేటు మీద ఖాళీలే ఉండవు. బిళ్ళ అంచు దాకా పచ్చిక మొలిచినట్టు ఉంటుంది. మెరోపెనెమ్ లాంటి పెద్ద మందు బిళ్ళ చుట్టూ అలా మొలిచింది చూసిన రోజు టీ తాగబుద్ధి కాదు.

ఇదంతా అయ్యేసరికి రెండు మూడు రోజులు. జ్వరంతో, బీపీ పడిపోతున్న మనిషిని అన్నాళ్ళు ఆపలేరు కాబట్టి, డాక్టర్లు ముందు అంచనా మీద పెద్ద మందు మొదలుపెడతారు. రిపోర్టు వచ్చాక చిన్న మందు సరిపోతుందని తేలితే దానికి మారుస్తారు. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళకి టెన్షన్. "నిన్నటిదాకా మూడు వేల ఇంజెక్షన్, ఇవాళ వంద రూపాయలదా? డబ్బు కట్టలేమనుకున్నారా?" ఈ గొడవ నేను చాలాసార్లు విన్నాను. అలా మార్చారంటే ఆ డాక్టరు రిపోర్టు చదివాడని అర్థం. నిజానికి మార్చకపోతే అడగాలి.

[తెర మీద: రెండు బ్యాక్టీరియాల బొమ్మ. మధ్యలో సన్నటి గొట్టం, అందులోంచి ఒక చిన్న ఉంగరం జారుతోంది.]

అయితే దోమపోటు పోలిక ఒకచోట ఆగిపోతుంది. సుడిదోమ తనకొచ్చిన మొండితనాన్ని పక్కనున్న గొంగళిపురుగుకు ఇవ్వలేదు. బ్యాక్టీరియా ఇస్తుంది. ప్లాస్మిడ్ అని గుండ్రటి డీఎన్ఏ ముక్క ఒకటి ఉంటుంది. పరీక్ష హాల్లో చీటీ అందించినట్టు క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దాన్ని ఈకొలై అనే ఇంకో బ్యాక్టీరియాకు అందిస్తుంది. రెండూ వేరు వేరు జాతులు, అయినా చీటీ చెల్లుతుంది. ఒక్కో చీటీ మీద ఐదారు మందులకు జవాబులు రాసుంటాయి. రిపోర్టులో ఆర్‌లు ఒకటీ అరా కాకుండా గుంపుగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ చీటీల మీది జవాబుల్లో బాగా పేరుపడ్డది ఎన్‌డీఎం-1. పెన్సిలిన్ నుంచి మెరోపెనెమ్ దాకా ఒక పెద్ద మందుల కుటుంబం ఉంది. ఆ మందులన్నిటికీ గుండెకాయ లాంటిది నాలుగు మూలల రింగు ఒకటి. ఎన్‌డీఎం అనే ఎంజైమ్ దాదాపు ఆ మందులన్నిటిలోనూ ఆ రింగును తెంపేస్తుంది. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్ళిన ఒక పేషెంట్ దగ్గర 2008లో దీన్ని పట్టుకున్నారు. అందుకే పేరులో న్యూఢిల్లీ చేరింది. మనవాళ్ళకు కోపం కూడా వచ్చింది. ఊరి పేరు పెట్టడం నాకూ నచ్చలేదు గానీ, ఆ కోపంలో అసలు సంగతి చాలా రోజులు పక్కకు పోయింది.

అసలు సంగతి ఈ ఊరిదే. 2010లో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకుడు కార్తికేయన్ కుమారసామి మొదటి రచయితగా లాన్సెట్ వాళ్ళ అంటువ్యాధుల పత్రికలో ఒక పేపర్ వచ్చింది. చెన్నైలోనే 44 శాంపిళ్ళలో ఎన్‌డీఎం-1 దొరికిందని అందులో ఉంది. రెండేళ్ళకు, 2012 ఆగస్టులో, దేశంలోని వైద్య సంఘాలు ఇక్కడే కూర్చుని, ఈ మొండి బ్యాక్టీరియాను ఎలా ఎదుర్కోవాలో చెప్పే చెన్నై డిక్లరేషన్ రాశాయి. అందులో నాకు నచ్చింది దాని లౌక్యం. డాక్టరే లేని ఊళ్ళున్న దేశంలో డాక్టరు ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్‌ల అమ్మకం ఒక్కసారిగా ఆపలేం, ముందు ముఖ్యమైన మందులతో మొదలుపెడదాం అన్నారు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల అమ్మకం నిబంధన అమల్లోకి వచ్చింది. అప్పట్లో అందులో 46 మందులు. మెడికల్ షాపువాడు డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. మీ వీధి షాపులో ఆ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా? కింద కామెంట్లో రాయండి.

[తెర మీద: మందు సీసా బొమ్మ. పక్కన మూత్రపిండాలు.]

మరి మిగిలిన మందులేవి? కొలిస్టిన్ ఒకటి. కిడ్నీలను దెబ్బతీస్తుందని దశాబ్దాల కిందట పక్కన పెట్టిన మందును, వేరే దారి లేక మళ్ళీ బయటికి తీశారు. అదే మందును కోళ్ళ ఫారాల్లోనూ వాడుతుండేవారు. దానికి కూడా ప్లాస్మిడ్ చీటీ తయారైందని 2015లో చైనా పరిశోధకులు బయటపెట్టారు. 2019లో మన దేశం తిండి కోసం పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. కొత్తవి రావట్లేదని కాదు. చెన్నైలోని ఆర్కిడ్ ఫార్మాలో పుట్టిన ఎన్‌మెటాజోబాక్టామ్ అనే మందుకు, సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి ఇచ్చేలా, 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. గర్వపడొచ్చు. కానీ ఎన్‌డీఎం మీద అది పనిచేయదు.

ఇక లోపలికి ఎలా చేరుతుందంటే, ఎక్కువగా గొట్టాల దారిలోనే. మూత్రం గొట్టం, మెడ దగ్గర రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్ గొట్టం, వెంటిలేటర్ గొట్టం. వాటి మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుంటుంది. చెరువు మెట్ల మీద పాచి లాంటిదే. పాచి లోపలికి మందు సరిగా దిగదు. మూత్రం గొట్టం ఉన్న ఒక్కో రోజుకు దానిలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. నెల ఉంచితే దాదాపు అందరికీ ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక: జ్వరం, వేరే లక్షణాలు లేకుండా ఆ మూత్రంలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన చాలామందికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రిపోర్టుకు వైద్యం చేస్తే ఇంకో నాలుగు ఆర్‌లు చేరతాయి.

కాబట్టి రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును "ఇంకా స్ట్రాంగ్ మందు లేదా సార్" అని అడగకండి. "ఈ గొట్టం ఇవాళ తీయొచ్చా సార్" అని అడగండి. రోజూ అడగండి, విసుక్కున్నా సరే.

చేతుల సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. మంచం కడ్డీ మీద అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఎండిపోయి కూడా వారాలు బతుకుతుంది. ఆ కడ్డీ పట్టుకుని, ఆ చేత్తోనే ఫోన్ తీసి, ఆ ఫోన్ పక్క పేషెంట్ తాలూకు వాళ్ళకు చూపించి... నేను రోజూ చూసిన దృశ్యం ఇది. హ్యాండ్‌రబ్ చేయి తడిసేంత తీసుకుని 20-30 సెకన్లు రుద్దాలి. ఒక్క చుక్క దేవుడి తీర్థంలా తీసుకుంటే లాభం లేదు.

[తెర మీద: మళ్ళీ టీ కొట్టు.]

పెద్దాయనను నెల తర్వాత అదే టీ కొట్టు దగ్గర చూశాను. రిపోర్టు అడుగున మిగిలిన ఆ ఒక్క మందే పనిచేసిందట. ఆమె లేచి కూర్చుంటోంది. మధ్యాహ్నం పినాకినీ రైలుకు సెంట్రల్ నుంచి బయల్దేరుతున్నారు.

ఆయనకు ఇంకో మాట చెప్పాను. జ్వరం తగ్గినా ఆ మొండి బ్యాక్టీరియా పేగుల్లో నెలల తరబడి కాపురం ఉండొచ్చు. ఏమీ చేయకుండానే. రేపు ఆమెను నెల్లూరులో ఏ ఆసుపత్రిలో చేర్చినా, ఆ పాత కల్చర్ రిపోర్టు ముందే చూపించాలి. వాళ్ళు మందు ఎంచుకోవడానికీ, ఆమెకు విడిగా మంచం వేయడానికీ పనికొస్తుంది.

ఆయన ప్లాస్టిక్ కవర్ విప్పి, స్కానింగుల కింద, బిల్లుల కింద వెతికి, ఆర్‌లున్న కాగితం బయటికి తీశారు. మడతలు సాపు చేశారు.

"అన్నిటికంటే పైన పెట్టేదా అమ్మా?"

"పైనే పెట్టండి బాబాయ్."