గుత్తి వంకాయ లోపల ఉడకట్లేదా? పులుపు ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈ రోజు గుత్తి వంకాయ గురించి మాట్లాడుకుందాం. చాలామంది నన్ను అడిగే మాట ఒక్కటే, మసాలా బాగా కుదిరింది అక్కా, కాయ మాత్రం గట్టిగా ఉండిపోయింది అని. పెళ్ళైన కొత్తలో నాకూ ఇదే జరిగింది, ముప్పావు గంట ఉడికించినా మెత్తబడలేదు, కాయలు మంచివి కావేమో అనుకున్నా. కాయల తప్పు కాదండి, నేను చింతపండు రసం ముందే పోసేశా. కాయని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే తొందరగా విడిపోదు, అందుకే పప్పులో కూడా పెద్దవాళ్ళు కందిపప్పు మెత్తబడ్డాకే చింతపండు వేస్తారు.

సరే, ముందు కాయలు చూద్దాం. (కాయ దగ్గరగా చూపించాలి)

అరకిలో తీసుకోండి, చిన్నవి, అన్నీ ఇంచుమించు ఒకే సైజు ఉండాలి, లేకపోతే ఒకటి చితికిపోయేలోపు ఇంకోటి పచ్చిగా ఉంటుంది. తోలు నిగనిగలాడాలి, తొడిమ పచ్చగా ఉండాలి, బొటనవేలితో కొంచెం నొక్కితే మళ్ళీ పైకి రావాలి. తోలు వెలిసిపోయినట్టుంటే ముదిరిందని అర్థం, లోపల గింజ గట్టిపడి కనరుగా ఉంటుంది, ఎంత మసాలా వేసినా ఆ కనరు పోదు. తొడిమ కింద కూడా చూడండి, చిన్న బొక్క ఉంటే లోపల పురుగు ఉన్నట్టే. ఇంకో మాట, వంకాయని ఫ్రిజ్‌లో రోజుల తరబడి పెట్టకండి, ఆ చలికి లోపల గుజ్జు, గింజలు నల్లబడతాయి. కొన్న రోజో మర్నాడో వండేసుకోండి.

కోసేముందే గిన్నెలో ఉప్పు నీళ్ళు పెట్టుకోండి. కోసిన ముక్కకి గాలి తగిలితే నల్లబడుతుంది కదా, ఉప్పు నీళ్ళలో వేస్తే అది తగ్గుతుంది. తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా చీరి నీళ్ళలో వేసేయండి, నూనెలో వేసేముందు మాత్రం నీళ్ళు బాగా వంచి బట్టతో తుడవండి, లేకపోతే చిటపటమని మీద పడుతుంది.

మసాలాకి గుప్పెడు పల్లీలు, రెండు స్పూన్ల నువ్వులు, ఒక స్పూను ధనియాలు, కొంచెం జీలకర్ర, ఎండుకొబ్బరి, ఆరేడు ఎండుమిర్చి దోరగా వేయించి, ఉప్పూ వెల్లుల్లీ వేసి కొద్దిగా నీళ్ళతో ముద్దగా రుబ్బుకోండి. ఇది ఎవరింటి పద్ధతి వాళ్ళది, మీకు నచ్చినట్టు మార్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. (మూకుడు చూపించాలి)

నాలుగైదు స్పూన్ల నూనె కాగాక కాయలు వేసి తిప్పండి. వేసిన కాసేపటికే నూనె మొత్తం మాయమైపోతుంది, కంగారుపడి ఇంకో గరిటె పోస్తాం అందరం, వద్దండి. వంకాయ లోపలంతా స్పాంజ్‌లా గాలి ఉంటుంది, అందుకే అలా పీల్చేస్తుంది. మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనిస్తే ఆ స్పాంజ్ కుంగిపోయి పీల్చిన నూనెలో కొంత మళ్ళీ బయటికి వస్తుంది. మధ్యలో రెండు మూడు సార్లు తిప్పుతూ ముప్పావు వంతు మెత్తబడే దాకా ఆగండి, తొడిమ దగ్గర చాకు మొన గుచ్చితే సులువుగా దిగాలి. నాకైతే ఈ ఓపికే గుత్తి వంకాయకి ప్రాణం అనిపిస్తుంది, మసాలా దాని తర్వాతే.

అప్పుడు కాయలు తీసి, కాస్త చల్లారాక తొడిమ పట్టుకుని మసాలా కూరండి. అదే మూకుట్లో తాలింపు, ఉల్లిపాయ వేయించి మిగిలిన ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేపి, కాయలు, గ్లాసు నీళ్ళు వేసి ఉడికించండి. కాయ పూర్తిగా ఉడికిందని చూసుకున్నాకే చిక్కటి చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క వేయండి. పైకి నూనె తేలేదాకా అయిదారు నిమిషాలు చాలు.

అమెరికాలో మన చిన్న కాయలు దొరకనివాళ్ళు ఆ పెద్ద వంకాయతో ఇది చేయకండి. దాన్ని చాకుతో నాలుగు చోట్ల గుచ్చి, గుచ్చకపోతే పేలుతుంది, మంట మీద కాల్చి పచ్చిపులుసు చేసుకోండి, దానికి అదే బాగుంటుంది.

స్టవ్ ఆపాక పది నిమిషాలు మూత తీయకండి, ఆ పులుపు అప్పుడు లోపలికి దిగుతుంది.