తేడాల తేడా

(జాతీయ గణిత దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. రామానుజన్ గారి గురించి ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను ఒక్క పట్టిక గురించే మాట్లాడతాను. పదో తరగతి పిల్లలూ, నోట్‌బుక్కులు తీయండి.

ఎక్స్ విలువలు 0, 1, 2, 3, 4. వై విలువలు 3, 8, 17, 30, 47. పక్కపక్క వాటి తేడాలు రాయండి. 5, 9, 13, 17. మీకు తెలిసిన అంకశ్రేఢే కదా! పదాంతరం 4. ఇలా తేడాల తేడా మారకుండా ఉంటే అది వర్గ ప్రమేయం, అంటే ఎక్స్ స్క్వేర్ దాకా ఉన్న సూత్రం. ఆ 4లో సగం, అంటే 2, ఎక్స్ స్క్వేర్ గుణకం. ఎక్స్ సున్నా దగ్గరున్న 3 స్థిరపదం. మొదటి తేడా 5లోంచి 2 తీసేస్తే మిగిలిన 3 ఎక్స్ గుణకం. రెండు ఎక్స్ స్క్వేర్ ప్లస్ మూడు ఎక్స్ ప్లస్ మూడు. ఎక్స్ స్థానంలో నాలుగు వేసి చూడండి, 47 వస్తుంది.

పరీక్షలో ఇలాగే చేసిన ఒక అమ్మాయికి మార్కులు వేయలేదండీ. నా దగ్గర చదువుకున్న పిల్ల. జవాబు కరెక్టే. మూడు సమీకరణాలు రాసి సాధించలేదని, దిద్దినవారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. అది పద్ధతి కాదట!

పద్ధతి ఎందుకు కాదు? 665లో బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకంలో, జ్యా పట్టికలో, అంటే సైన్ విలువల పట్టికలో, లేని విలువలు కనుక్కోవడానికి రెండో తేడాలనే, అంటే ఈ తేడాల తేడాలనే వాడాడు. 1822లో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ప్రతిపాదించిన డిఫరెన్స్ ఇంజన్ అనే లెక్కల యంత్రం పని కూడా ఇదే. గుణించకుండా తేడాలు కూడుకుంటూ పట్టికలు తయారు చేయడం. ఆయన ఉదాహరణగా చూపించిన వరుసల్లో ఒకటి 41, 43, 47, 53, 61. రెండో తేడా చూడండి, ఎప్పుడూ 2.

"సగమే ఎందుకు సార్?" అని అడిగిన పిల్ల ఆ అమ్మాయి. ఎక్స్ ఒకటి పెరిగితే ఎక్స్ స్క్వేర్ పెరిగేది "రెండు ఎక్స్ ప్లస్ ఒకటి". ఆ పెరుగుదల ఒక్కో అడుగుకీ 2 చొప్పున పెరుగుతుంది. అందుకే సగం. ఇంత అర్థం చేసుకున్న పిల్లకి సున్నా వేస్తే ఎలా? స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే మాస్టార్లూ, చేతులు జోడించి అడుగుతున్నాను, తేడాలు రాసిన పిల్లల జవాబు చివరిదాకా చదవండి.

పిల్లలూ, రెండు జాగ్రత్తలు. మూడే విలువలుంటే తొందరపడొద్దు. 1, 2, 4 తర్వాత 7 రావచ్చు, 8 కూడా రావచ్చు. నాలుగోది, ఐదోది సరిచూడాలి. ఎక్స్ ఒక్కొక్కటిగా పెరగకపోతే సగం లెక్క పనిచేయదు. బోర్డు మీద రాస్తున్నాను. ఎక్స్ 0, 2, 4, 6. వై 1, 11, 37, 79. రెండో తేడా 16. కానీ ఎక్స్ స్క్వేర్ గుణకం 8 కాదు. మరి ఎంత? ఎవరొస్తారు, ఇదిగో చాక్‌పీసు.