ఊదా టమాటా: పైరంగు చూసి కోయకండి

అందరికీ నమస్కారం.

అమెరికాలో పెరటితోట వేసే మన తెలుగువాళ్లు ఊదా టమాటా విత్తనం కొనేముందు ఏ ఊదానో చూసుకోవాలి. చెరోకీ పర్పుల్ అనే రకం పండినా దానిలోని పత్రహరితం పూర్తిగా పోదు. అది ఎరుపుతో కలిసి మట్టి ఊదాగా కనిపిస్తుంది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో స్నాప్‌డ్రాగన్ పువ్వు జన్యువులు రెండు చేర్చి తయారుచేసిన జన్యుమార్పిడి రకమైతే గుజ్జుతో సహా ఊదానే. 2024 నుంచి ఆ విత్తనాలు అమెరికాలో ఇళ్లవాళ్లకూ దొరుకుతున్నాయి. ఇవాళ చెప్పబోయేది ఇండిగో రోజ్ గురించి. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2012లో విడుదల చేసింది. అడవి టమాటాలతో సంకరపరిచిన రకమిది, జన్యుమార్పిడి కాదు.

దీని రంగు నేరేడులో, ఊదా వంకాయ తొక్కలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం జాతిదే. తొక్కకే పరిమితం, అదీ ఎండ తగిలినచోటే. ముచ్చిక తీసి చూడండి, దాని కింద నక్షత్రంలా ఊదా అంటని మచ్చ ఉంటుంది. ఆకు కప్పిన భాగమూ అంతే. ఆ ఆకు పక్కకు జరిపితే వారంలో రంగెక్కుతుంది. అలాగని ఆకులన్నీ దూసేయకండి, కాయ ఎండకు కమిలిపోతుంది.

చాలామంది పొరపాటు చేసేది కోతలోనే. కాయ పచ్చిగా ఉండగానే నల్లబడుతుంది. అప్పుడు కోస్తే పుల్లగా, చప్పగా ఉంటుంది, టమాటా మీదే విసుగొస్తుంది. కాయను పైకెత్తి అడుగు చూడాలి. ఆకుపచ్చ పోయి ఎరుపు తిరగాలి, పైన మెరుపు తగ్గాలి, నొక్కితే కాస్త మెత్తగా అనిపించాలి.

ఆఖరి మంచుకు 6 నుంచి 8 వారాల ముందు ఇంట్లో నారు పోయండి. విత్తనం పావు అంగుళం లోతు చాలు. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగనప్పుడు, కాండం సగం దాకా మట్టిలోకి పోయేలా నాటండి. కుండీ అయితే 20 లీటర్లకు తగ్గొద్దు. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచెత్తితే వేరు నుంచి కాయకు కాల్షియం సరిగా అందదు, అడుగున నల్లటి కుళ్లు వస్తుంది. నత్రజని ఎక్కువైతే చెట్టంతా ఆకే.

వంటకొస్తే, తొక్క తీశారో రంగు పోయినట్టే. చారులో మరిగించినా నిలవదు. ముక్కలు పచ్చిగానే ఉల్లిపాయ, ఉప్పు, నిమ్మరసంతో కలిపి, పోపు చల్లారాక పైన వేయండి.